గురి

నా పేరు మైక్రోశాట్-ఆర్. బరువు 740 కిలోలు. 2019 జనవరి 24 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ44 నన్ను పైకి మోసుకొచ్చింది. అదే రాకెట్‌లో విద్యార్థులు తయారుచేసిన బుల్లి కలాంశాట్ కూడా ఉంది. మెచ్చుకోళ్లన్నీ దానికే. నన్ను మాత్రం రక్షణ అవసరాలకు ఫొటోలు తీసే ఉపగ్రహమని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనూ అదే నమ్మాను.

ఎత్తు చూసినప్పుడే అనుమానం రావలసింది. సుమారు 274 కిలోమీటర్లు! అక్కడ పలచటి గాలి ఇంకా మిగిలి ఉంటుంది, వేగాన్ని కొరుక్కు తింటుంది. ఏళ్ల తరబడి పనిచేయాల్సిన ఉపగ్రహాన్ని అంత కిందన ఎవరుంచుతారు? అయినా ఎందుకు మేపుతున్నారో మేకకేం తెలుసు?

మార్చి 27న ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి డీఆర్‌డీవో క్షిపణి లేచింది. నా ఒంటి వేడిని పోల్చుకుంటూ సూటిగా వచ్చింది. దాన్లో మందుగుండు లేదు, అక్కర్లేదు కూడా. సెకనుకు దాదాపు పది కిలోమీటర్ల వేగంతో ఢీకొంటే ఇంకేం మిగులుతుంది? అది లేచిన మూడు నిమిషాల్లోపే నా పని అయిపోయింది.

‘మిషన్ శక్తి’ విజయవంతమైందని ప్రధాని టీవీలో ప్రకటించారు. ముక్కలు 45 రోజుల్లో రాలిపోతాయని శాస్త్రవేత్తలు అన్నారు. చాలావరకు రాలాయి. కొన్ని మాత్రం ఆ దెబ్బకు పైకెగిరి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తును కూడా దాటాయి. ఏడాది గడిచినా తిరుగుతూనే ఉన్నాయి. 2007లో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని 800 కిలోమీటర్లకు పైన పేల్చి మూడు వేలకు మించి ముక్కలు చేసింది. అంత పాపం నాకు అంటలేదు లెండి.

ఇది నేరమా అంటే, కాదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం అణ్వాయుధాలను, సామూహిక వినాశక ఆయుధాలను కక్ష్యలో పెట్టొద్దంది. నేల మీంచి లేచే మామూలు క్షిపణి ఊసే అందులో లేదు. అంతరిక్షంలో ఆయుధాలు మోహరించొద్దంటూ 2008లో చైనాతో కలిసి ముసాయిదా తెచ్చిన రష్యాయే 2021లో తన కాస్మోస్-1408ను పేల్చింది. ఆ ముక్కలకు జడిసి అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు తమ నౌకల్లోకి దూరి తలదాచుకున్నారు. వాళ్లలో రష్యన్లూ ఉన్నారు!

ఇలాంటి విధ్వంసక పరీక్షలు మానుకోండని 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం తీర్మానించింది. 155 దేశాలు సరేనన్నాయి. రష్యా, చైనా సహా 9 దేశాలు వద్దన్నాయి. నన్ను కన్న దేశం ఎటూ ఓటేయలేదు. ఆ తీర్మానానికి ఎవరూ కట్టుబడి తీరాలనేమీ లేదు.