మెట్ట నేల మీద తెల్ల బంతి

అడ్డకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. ఆట నియమాలు రాసినవాళ్లు నా ఒంటికి గీసిన గిరి ఇది. అరచేతిలో ఇమిడిపోయే గోల్ఫ్ బంతికి ఒక జిల్లా నీళ్ల గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నన్ను లేపడానికి ఒక్క మనిషి భుజబలం చాలు. నేను దొర్లడానికి మాత్రం ఎకరాలకు ఎకరాలు పచ్చగా ఉండాలంటున్నారు, గొడవ అక్కడ మొదలవుతుంది. శీతాకాలం వచ్చిందంటే మంచుదేశాల ఆటగాళ్లు ఎండ కోసం బ్యాగులు సర్దుతారు. ఎండదేశాల్లో డబ్బున్నవాళ్లు కొత్త గోల్ఫ్ కోర్సుల కోసం సర్దుతారు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి థాయిలాండ్‌కి ఎగిరేవాళ్లున్నారు. 1895లో పుట్టిన కొడైకెనాల్ గోల్ఫ్ క్లబ్బు దాకా కారులో పోయేవాళ్లూ ఉన్నారు. ఆ కార్ల డిక్కీల్లో పడి మా జాతి 44వ నంబరు జాతీయ రహదారి మీద తమిళనాడులోని ధర్మపురిని దాటిపోతూ ఉంటుంది. ఆ దారిలో హోసూరు వైపు గోల్ఫ్ రిసార్టు ఇప్పటికే ఉంది కాబట్టి, ధర్మపురి దగ్గరా ఒక కోర్సు వేసి హొగేనకల్ జలపాతంతో కలిపి అమ్మితే ఏం అనే ఆలోచన ఎవరికైనా రావచ్చు. ఆ ఆలోచన గురించి బంతిగా నా అభిప్రాయం ఒకటుంది. ఉష్ణదేశంలో గోల్ఫ్ ఆడటం తప్పు కాదు. ఆ నేల మీద ఏడాది పొడవునా పచ్చరంగు పరవాలనుకోవడమే తప్పు.

నేను చలిదేశపు సరుకుననీ, ఈ ఎండకు పరాయిదాన్ననీ అనుకుంటే పొరపాటు. మా ముత్తాతలు తోలుసంచిలో ఉడికించిన ఈకలు కూరి కుట్టిన బంతులు. వానలో నానితే ఉబ్బి కుట్లు విచ్చేవి. ధరేమో సామాన్యుడికి అందేది కాదు. 1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే బంక వచ్చి మా వంశాన్ని మార్చేసింది. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఒక ఇంటికి తూర్పుదేశాల నుంచి విష్ణుమూర్తి విగ్రహం వచ్చిందట. దెబ్బ తగలకుండా పెట్టె నిండా గట్టాపర్చా ముక్కలు కూరారట. వాటిని వేడినీళ్లలో మెత్తబరిచి ఆ ఇంటి కుర్రాడు రాబర్ట్ పాటర్సన్ తొలి బంతి చుట్టాడట. విగ్రహం సంగతి ఎలా ఉన్నా బంక మాత్రం నిజం. అది మలయా, సుమత్రా, బోర్నియో అడవుల్లోని చెట్ల పాలు. ఆ పాల కోసం, ముఖ్యంగా సముద్రగర్భపు టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు వేయడానికి, చెట్లను నిలువునా నరికి పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి అడవులను బోడి చేశారు. తర్వాత 1898లో అమెరికాలో హాస్కెల్ అనే ఆయన రబ్బరు దారం చుట్టిన బంతి చేశాడు. ఆ రబ్బరూ ఉష్ణమండలానిదే. ఇప్పుడు నా కడుపులో ఉన్నది పెట్రోలియం నుంచి తీసిన కృత్రిమ రబ్బరు. అయినా నాలాంటివాళ్లు ఎందరో థాయిలాండ్‌లోని రయోంగ్ ఫ్యాక్టరీలో పుడుతున్నారు. కాబట్టి ఉష్ణదేశానికి గోల్ఫ్ విహారమంటే నాకు పుట్టింటికి రావడం. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు పెట్టుపోతలు ఆశించే హక్కుంటుంది. చెరువు ఎండగట్టే హక్కు ఉండదు.

ఇక ఆట పుట్టిల్లు స్కాట్లాండ్ తూర్పుతీరపు ఇసుకమేటలు. నాగలికి పనికిరాని, సముద్రానికీ పొలానికీ మధ్య మిగిలిపోయిన నేల. గడ్డి కోసింది గొర్రెలు, తడిపింది వాన. 1764లో సెయింట్ ఆండ్రూస్ కోర్సు బంతి పడే 18 గుంటలకు కుదురుకున్నప్పుడు అక్కడ పైపూ లేదు, మోటారూ లేదు. ఇక్కడ ఒక లెక్క చూడాలి. ఆ తీరాన ఏడాదికి కురిసేది 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ధర్మపురి జిల్లాలో 800 పైచిలుకు. అంటే స్కాట్లాండ్ పచ్చగా, ధర్మపురి గోధుమరంగుగా ఉండటానికి కారణం వాన తక్కువ కావడం కాదు. అక్కడి వాన ఏడాదంతా తుంపరగా పంచుకుని పడుతుంది, పడింది నేలలో ఉంటుంది. ఇక్కడ రెండు రుతుపవనాల్లో కొన్ని రోజులు కుండపోతగా కురిసి వాగుల్లో పారిపోతుంది, మిగిలినదాన్ని ఎండ తాగేస్తుంది. అందుకే ఇక్కడ పచ్చదనం కావాలంటే సూర్యుడికి రోజూ అప్పు తీర్చాలి. గోల్ఫ్ విహారానికి వచ్చేవాడు ఎండ కోసమే వస్తున్నానంటాడు. కాలి కింద మాత్రం ఎండ లేనట్టు కనిపించాలంటాడు. ఈ రెండు కోరికలనూ ఒకేసారి తీర్చేది బోరుబావి ఒక్కటే.

వాన నీటికీ పెట్టే నీటికీ ఉన్న తేడా ఈ నేలకు ఎప్పుడో తెలుసు. 1792లో టిప్పు సుల్తాను నుంచి ఈ ధర్మపురి ఉన్న బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చినప్పుడు అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. సెయింట్ ఆండ్రూస్‌లో 18 గుంటలు కుదిరిన ఏడు ఆయన మూడేళ్ల పసివాడు. సీమవాళ్లు మండ్రోలయ్యగా తలుచుకునే మన్రో, దత్తమండలాలకు రాకముందు ఏళ్లపాటు ఈ ధర్మపురిలోనే కాపురం ఉండి, ఇష్టంగా తోట పెంచుకున్నాడు. రైతువారీ పద్ధతికి తొలి పాఠాలు ఇక్కడే దిద్దుకున్నాడు. ఆ లెక్కల్లో నేలకు పేరు పెట్టింది నీరు: నంజ, పుంజ, తోట. మన మాటల్లో మాగాణి, మెట్ట, తోట. నీరు ఎక్కడి నుంచి వస్తుందో తేలకుండా శిస్తు తేలేది కాదు. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయిన రెండేళ్లకు కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు వెలిసింది. బ్రిటిష్ దీవుల బయట అదే అన్నిటికన్నా పాతది. ఆ క్లబ్బు పద్దును గనక మన్రో కచేరీలో దాఖలు చేయమంటే గుమాస్తా ఏ గడిలో రాసి ఉండేవాడో! మెట్ట నేల మీద మాగాణి నీరు పారించి తోట శిస్తు కట్టని పంట అది.

గడి ఏదైనా నీటి పరిమాణం తప్పించుకోలేము. 18 గుంటల కోర్సులో తప్పనిసరిగా తడపాల్సిన గడ్డి 60 ఎకరాలనుకుందాం, పెద్ద కోర్సుల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఎండకు రోజూ 4 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుందాం, ఏప్రిల్‌లో అంతకన్నా పోతుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరంటే 4,047 లీటర్లు. గుణిస్తే రోజుకు 9.7 లక్షల లీటర్లు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు 81. పల్లెల్లో ఇంటింటి కుళాయికి ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఆ లెక్కన 17,000 మందికి పైగా సరిపోయే నీరు. అయితే ధర్మపురిలో పరిమాణం సగం కథే. ఇక్కడి గట్టిరాతి కింద నీటిలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి. నల్గొండ జిల్లా సంగతి తెలిసిన తెలుగువాడికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ బాధ తప్పించడానికే హొగేనకల్ దగ్గర కావేరి నీరు ఎత్తి, శుద్ధి చేసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు పంపే పథకాన్ని జపాన్ రుణంతో కట్టి 2013లో ప్రారంభించారు. మనుషులు తాగే నీటిని నది నుంచి కొండల మీదుగా తోడుకొస్తున్న చోట, గడ్డికి బోరు వేసి అడుగునున్న నీటిని ఇంకా లోతుకు దించడం ఎంత వింత!

ఇంతకీ ఆ గడ్డి ఏమిటి? ఉష్ణదేశాల కోర్సుల్లో నా కింద పరిచేది ఎక్కువగా బెర్ముడా. పేరు విని ఏదో ద్వీపం సరుకనుకుంటారు. అది గరిక. వినాయకచవితికి దేవుడి నెత్తిన పెట్టేదీ, తమిళులు అరుగంపుల్ అనేదీ, వేరుశనగ చేలో మొలిస్తే రైతు తిట్టుకుంటూ పీకేదీ అదే. అమెరికాలోని జార్జియాలో టిఫ్టన్ ఊళ్లో గరికను ఆఫ్రికా చుట్టంతో సంకరపరిచి, గింజ కట్టని, పొట్టిగా కోయించుకోగల రకాలు తీశారు. 1956లో టిఫ్‌గ్రీన్, 1965లో టిఫ్‌డ్వార్ఫ్. అలా పై చదువులు చదివి వచ్చిన గరికకు దాహం, ఎరువు, మందులు అన్నీ అలవాటయ్యాయి. గట్టు మీది చదువురాని గరికకు మాత్రం ఎండలు ముదిరితే పైన ఎండిపోయి, కింద వేరు దాచుకుని, తొలకరికి లేచే తెలివి ఇంకా ఉంది. నా వాదనకు ఇంతకన్నా పెద్ద సాక్షి దొరకదు.

దీనికి రైతు పక్షం నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. వరి పంటకు 1,200 మిల్లీమీటర్ల నీరు పెడతారు, చెరకు ఇంకా తాగుతుంది, ఎకరానికి లెక్కిస్తే గోల్ఫ్ అంత పాపిష్టిది కాదు కదా అని. లెక్క నిజమే, ఒప్పుకుంటాను. కానీ తేడా ఎకరానికి ఎన్ని నీళ్లన్నదాంట్లో లేదు, మానగలగడంలో ఉంది. చెరువు నిండని ఏడు రైతు నాట్లు మానేసి సామో రాగో చల్లుతాడు, అదీ కాకపోతే పడావు పెడతాడు. విహారయాత్రికుడికి ముందే గది అమ్మిన కోర్సు ఒక్క వారం కూడా పడావు పెట్టలేదు. కరువు ఏడాది అందరి వాడకం తగ్గుతుంటే తన వాడకం పెంచుకునే పంట అదొక్కటే. మురుగునీటిని శుద్ధి చేసి వాడుతామన్నది రెండో అభ్యంతరం. మొదటిదానికన్నా ఇది బలమైనది. బావినీటి కన్నా అది వెయ్యి రెట్లు నయం. అయితే మురుగు కూడా ఊరికే పడి ఉండే నీరు కాదిప్పుడు. కృష్ణగిరి పక్కనున్న కోలారు జిల్లా చెరువులు నింపడానికి బెంగళూరు శుద్ధి చేసిన మురుగును 2018 నుంచి పంపిస్తున్నారు. చిన్న పట్టణం వదిలే మురుగుకు పెద్ద కోర్సు దాహం తీరకపోతే వేసవిలో మోటారు మీట ఎవరు నొక్కుతారన్నది చెప్పనక్కర్లేదు. ఉద్యోగాల మాట మూడోది. క్యాడీలు, తోటమాలులు, వంటవాళ్లు – కొలువులు వస్తాయి, కాదనను. కానీ హొగేనకల్‌లో పుట్టి పడవ నడిపేవాడు, నూనె మర్దన చేసేవాడు, చేప వేయించి అమ్మేవాడు కూడా యాత్రికుల మీదే బతుకుతున్నారు. వాళ్ల కొలువంతా నది నిండుగా ఉండటం మీదే ఉంది.

పచ్చగా లేకపోతే ఆటగాడు రాడన్నది అందరూ చివరికి బయటపెట్టే మాట. ఈ అలవాటు ఆటతో పుట్టింది కాదు, టీవీతో పుట్టింది. అమెరికాలో అగస్టా కోర్సులో జరిగే మాస్టర్స్ పోటీని 1966లో తొలిసారి రంగుల్లో చూపించారు. ఆ తర్వాత ప్రపంచంలో ప్రతి క్లబ్బు సభ్యుడూ తన కోర్సు అలా ఎందుకు లేదని అడగడం మొదలుపెట్టాడు. ఆట పుట్టిన దీవుల్లో ఆ మూర్ఖత్వం తక్కువ. 2006లో ఇంగ్లాండ్‌లోని హొయ్‌లేక్‌లో ఓపెన్ పోటీ జరిగినప్పుడు నేల గడ్డివాము రంగుకు తిరిగింది. టైగర్ వుడ్స్ ఆ గట్టినేల మీద బంతిని దొర్లించే గెలిచాడు. అమెరికాలో పైన్‌హర్స్ట్ రెండో నంబరు కోర్సును రూపుదిద్దినవాడు స్కాట్లాండ్‌లోని డోర్నాక్ ఊరి డొనాల్డ్ రాస్. అంతటి కోర్సుకూ 1930ల నడుమ దాకా గుంట చుట్టూ ఉండే గ్రీన్లు గడ్డివి కావు, ఇసుకవే. 2010 తర్వాత అక్కడ ఎకరాల కొద్దీ గడ్డి పీకేసి, స్ప్రింక్లర్లను సగానికి పైగా తగ్గించి, 2014లో అమెరికా ఓపెన్ ఆడించారు. ఆస్ట్రేలియాలో కూబర్ పీడీ అనే గనుల ఊళ్లో గడ్డిపోచ లేని కోర్సు ఉంది. ఆటగాడు చిన్న గడ్డిచాప ముక్క చంకన పెట్టుకు తిరుగుతాడు. మన దేశంలోనూ పాతకాలపు చిన్న కోర్సుల్లో గ్రీన్ల బదులు బ్రౌన్లు ఉండేవి. ఇసుకలో నూనె కలిపి, రోలరు తిప్పి, ప్రతి ఆటకూ చదును చేసిన నేల అది. మండే ఎండలో చుక్క నీరు అడగకుండా ఆడించింది. దాన్ని పేదతనమనుకుని వదిలేశారు. నూనె సంగతి మాత్రం ఇప్పుడు ఆలోచించుకోవాలి. వాడేసిన ఇంజన్ ఆయిల్ నేలలోకి దించడం నేను సమర్థించను. సన్నటి ఇసుక, గట్టి రోలరు చాలు.

బంతిగా నా స్వార్థం కూడా చెప్పేయాలి. వేడిగాలి పలచన, వేడెక్కిన రబ్బరు చురుకు, ఎండిన నేల గట్టి. ఈ మూడూ కలిస్తే నేను చలిదేశంలో కన్నా దూరం పోతాను. అంటే ధర్మపురి ఎండ నాకు వరమే. తడిపిన గడ్డి ఆ వరాన్ని సగం మింగేస్తుంది. అందుచేత ఇక్కడ కోర్సు పెట్టాలనే పట్టుదల ఎవరికైనా ఉంటే, 18 కాదు, తొమ్మిది గుంటలు చాలు. ఊరి గరిక ఉన్నచోట గరిక, లేనిచోట మట్టి, గుంట చుట్టూ ఇసుక బ్రౌను. బండరాళ్లు పగలగొట్టకూడదు, చింతచెట్లు కొట్టకూడదు. ఈశాన్య రుతుపవనం నేలలో కాస్త చెమ్మ వదిలే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆట. చలిదేశాలవాళ్లు బ్యాగులు సర్దేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. సెయింట్ ఆండ్రూస్ పాత కోర్సు ఈనాటికీ ఆదివారం ఆట ఆపి ఊరివాళ్లను షికారుకు వదులుతుంది. వాళ్లకు వారంలో ఒక రోజు సెలవు కుదిరినప్పుడు ధర్మపురికి ఏడాదిలో ఎనిమిది నెలలు కుదరకపోవడమేమిటి? మార్చి రాగానే జెండాలు పీకి నేలను మేకలకు అప్పగించాలి. గరిక వేరులోకి దిగి వాన కోసం చూస్తుంది. నేను బ్యాగు అడుగున పడుకుంటాను.