డాం పెరిన్యోఁ లేబులుకు సింగరాయకొండ టీక

అవతారిక. పండక్కి డాలస్ నుంచి వచ్చిన ఒకాయన తెచ్చిన సీసా ఖాళీ అయి, కడిగించుకుని, షోకేసులోకెక్కింది. లోపలి పదార్థం గురించి భిన్నాభిప్రాయాలు లేవు, అది అయిపోయింది. పైన అంటించిన లేబులు మాత్రం మిగిలింది. గ్రంథం పోయి సూత్రం మిగలడం కన్నా వ్యాఖ్యాతకు కావలసిందేముంది? ఇష్టదేవతా స్తుతి విడిచిపెడుతున్నాం. పాత సింగరాయకొండ కొండమీది వరాహ నరసింహస్వామిని ఇలాంటి పనికి పిలవడం మర్యాద కాదు.

మూలం. మొవెట్ ఏ షాందోఁ, ఎపెర్నే. షాంపేన్. క్యువే డాం పెరిన్యోఁ. వింటేజ్ 1996. బ్రూట్.

ప్రతిపదార్థం. మొవెట్ ఏ షాందోఁ = 1743లో క్లోద్ మొవెట్ అను వర్తకుడు పెట్టిన కొట్టు యొక్క; ఎపెర్నే = ఆ కొట్టు గల ఊరియందు తయారైనట్టియు; షాంపేన్ = పారిస్‌కు తూర్పున సుద్దనేలల సీమలో పండినట్టియు, అన్యసీమలవారు ఆ పేరు వాడినచో కోర్టుకెక్కునట్టియు; క్యువే = ఏరికూర్చినట్టియు; డాం పెరిన్యోఁ = ఒక సన్న్యాసి పేరు దాల్చినట్టియు; వింటేజ్ 1996 = ధాత నామ సంవత్సరపు ద్రాక్షతోనే చేసినట్టియు; బ్రూట్ = తీపి బహు తక్కువైనట్టియు; ద్రాక్షాసవము అని అధ్యాహారము.

పాఠాంతరం. ‘డోమ్ పెరిగ్నాన్’ అని ఒంగోలు ప్రతి. పలికేవాళ్ళు ఎక్కువ కాబట్టి అదీ గ్రాహ్యమే.

విశేషం. ఈ సన్న్యాసి ఓవిలేర్ మఠంలో 1668లో కొట్టు తాళాలు అందుకుని, 1715లో, పద్నాలుగో లూయీ పోయిన ఏడే, పరమపదించాడు. బుడగలు కనిపెట్టింది ఈయనేననీ, గుక్క తాగి నక్షత్రాలు తాగుతున్నానని కేక పెట్టాడనీ ఐతిహ్యం. ఆ కేక పెట్టించింది తరవాతి కాలపు ప్రకటనలు. చక్కెర కలిపి ద్రాక్షసారాను పొంగించే పద్ధతి గురించి క్రిస్టఫర్ మెరెట్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీకి 1662లోనే విన్నవించాడు. అప్పటికి మన స్వామి చేతికి తాళాలే రాలేదు. పైగా ఆయన కాలంలో బుడగ దోషం. చలికాలంలో పులియడం ఆగిపోయి, వసంతం రాగానే సీసాలోనే మళ్ళీ మొదలై, సీసా పగిలేది. ఆ పొంగు ఆపడానికే ఆయన పాటుపడ్డాడు. చివరికి ఆ పొంగుకే ఆయన పేరు పెట్టారు, బ్రాందీ షాపుకి సారా మీద తిరగబడిన దూబగుంట రోశమ్మ పేరు పెట్టినట్టు.

ఇప్పుడా దోషాన్నే పనిగట్టుకుని చేస్తున్నారు. ఒకసారి పులిసిన ద్రాక్షసారాను సీసాలో పోసి, ఇంత చక్కెర, ఇంత ఈస్టు వేసి మూత బిగిస్తారు. లోపల పుట్టిన వాయువు బయటికి దారిలేక అందులోనే కరుగుతుంది. పీడనం ఐదారు వాతావరణాల దాకా పోతుంది. పూర్వం ఈ నేలమాళిగల్లో పనివాళ్ళు మొహాలకు ఇనప తొడుగులు పెట్టుకుని తిరిగేవారు. బిరడాకు ఇనపతీగ చుట్టడం అలంకారార్థం కాదని దీనివల్ల తెలియవలెను.

శంక. తాటికల్లు కూడా పొంగుతుంది కదా, దానికి ఏడాది పేరెందుకు లేదు?

సమాధానం. దానికి పూట పేరుంది. లొట్టికి సున్నం పూస్తే అది నీరా, పులవదు. పూయకపోతే పొద్దున దించినది మధ్యాహ్నానికి కల్లు, మర్నాటికి ముక్కు మూసుకోవలసినది. ఈ సీసా సరుకు మాత్రం ఈస్టు మడ్డి మీద తక్కువలో తక్కువ ఏడేళ్ళు పడుకుంటుంది. వింటేజ్ షాంపేన్‌కు చట్టం అడిగేది మూడేళ్ళే. మొట్టమొదటి డాం పెరిన్యోఁ 1921 పంట. అంగడికి వచ్చేసరికి 1936.

పంట నచ్చని ఏడు ఈ పేరున సీసాయే ఉండదు. ఇక్కడ టంగుటూరువారి పూర్వపక్షం. పొగాకు వేలం ఎరిగినవాళ్ళు కాబట్టి వాళ్ళ ప్రశ్న ఇది: పంట బాగాలేని ఏడు గ్రేడు తగ్గించి అమ్ముకోవచ్చు గదా, అసలు సీసాయే లేదనడమేమిటి? సిద్ధాంతం: గ్రేడు తగ్గించడం మొవెట్‌వారికీ తెలుసు. వేర్వేరు ఏళ్ళ పంటలు కలిపి, ఏడు పేరు వేయకుండా మామూలు షాంపేన్ అమ్ముతూనే ఉన్నారు. ఈ పేరు మాత్రం పంట నచ్చిన ఏడే వేస్తారు. చెడిన ఏడు ఇంత పేరును అమ్ముకోకుండా వదులుకోవడం రొక్కం నిండుగా ఉన్నవాడికే సాధ్యం. కౌలురైతుకు ఈ సూత్రం వర్తించదు.

ఇక ఏ ఏళ్ళు నచ్చాయన్నదే ఈ లేబులులో గూఢార్థం. ప్రాచీన వ్యాఖ్యాతలెవరూ దీన్ని స్పృశించలేదు. 1991లో డాం పెరిన్యోఁ లేదు. 1992లో నెల్లూరు ఆడవాళ్ళు సారా పాటలను అడ్డుకుంటున్నారు. ఆ ఏడు ఉంది. 1993 అక్టోబరులో సర్కారు సారాను నిషేధించింది, ఉంది. 1994 మనకు ఎన్నికల ఏడు, ఎన్నికలప్పుడు ఏం పారుతుందో చెప్పనక్కర్లేదు. ఆ ఏడు లేదు. 1995 జనవరిలో రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1995 ఉంది, 1996 అయితే రసికులు ఇప్పటికీ తలుచుకునే పంట. 1997లో నిషేధం సడలించారు; ఆ ఏడు డాం పెరిన్యోఁ లేదు.

తాత్పర్యం. ఆంధ్రదేశంలో గొంతు ఎండినప్పుడల్లా ఎపెర్నేలో ద్రాక్ష పండును. ఇది కాకతాళీయమని తార్కికులంటారు. తాటిచెట్లున్న ఊళ్ళో ఆ మాట అంత తేలిగ్గా కొట్టిపారేయడానికి వాడకూడదు. నిషేధం పోయాక కూడా 1998, 1999, 2000 వరుసగా మూడేళ్ళు ఆ పేరున సీసాలు వచ్చాయి గదా అని కందుకూరువారు ఎత్తి చూపుతున్నారు. ఆ మూడు సంవత్సరాలూ ప్రక్షిప్తాలని మా నిర్ణయం.