రెండు సర్కార్ల గెట్టు పంచాయితీ

గెట్టు తగాదాలు రెండు రకాలు. ఇద్దరు రైతుల మధ్య వచ్చేది మొదటిది, రెండు ప్రభుత్వాల మధ్య వచ్చేది రెండోది. మొదటిదాన్ని రైతులు తొందరగా తేల్చుకోవాలని చూస్తారు, నాట్ల అదను ఆగదు కాబట్టి. ప్రభుత్వాలు నాట్లు వెయ్యవు కాబట్టి రెండోదానికి తొందర లేదు.

మెదక్ పక్కనున్న హవేలిఘనపూర్ మండలంలో మొదటి రకం తగాదా వస్తే దానికొక పద్ధతి ఉంది. హద్దులు కొలవమని రైతు దరఖాస్తు పెట్టి ఫీజు కడతాడు. చుట్టుపక్కల పట్టాదారులకు నోటీసులు వెళ్తాయి. సర్వేయర్ మోకా మీదికి వచ్చి కొలతలు వేసి, హద్దురాళ్లు చూపించి, పంచనామా మీద సంతకాలు తీసుకుంటాడు. ఆయన ఎప్పుడొస్తాడన్నది జ్యోతిషం చెప్పాల్సిన విషయమే గానీ, వస్తాడు. ఆ మండలం కూడా ఒక కొత్త గీత వల్ల పుట్టిందే. 2016 ఆగస్టు 22న ముసాయిదా వచ్చింది, జనం అభ్యంతరాలు చెప్పుకున్నారు, అక్టోబర్ 11న దసరా నాటికి 10 జిల్లాల తెలంగాణ 31 జిల్లాలైంది. పాత మెదక్ జిల్లా మూడు ముక్కలైంది, మెదక్ మండలం నుంచి హవేలిఘనపూర్ వేరుపడింది. అంతా కలిపి 50 రోజులు. గీత గీసే చెయ్యి ఒక్కటే అయినప్పుడు భూగోళం ఎంతో అణకువగా ఉంటుంది.

చేతులు రెండైతే ఏమవుతుందో తెలియాలంటే కొటియా చూడాలి. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరుకూ, ఒడిశాలోని కోరాపుట్ జిల్లా పొట్టంగికీ మధ్య కొండల్లో ఉన్న 21 ఆదివాసీ పల్లెలివి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది గానీ, ఈ పల్లెలు ఎటు పోయాయన్నది మాత్రం తేలలేదు. 1968లో ఒరిస్సా సుప్రీంకోర్టుకెక్కింది. యథాతథ స్థితి పాటించండి అని ఉత్తర్వు వచ్చింది. 38 ఏళ్ల తర్వాత, 2006లో, సాంకేతిక కారణాలతో దావా ముగిసింది, యథాతథ స్థితి మాత్రం మిగిలింది. ఇన్నేళ్లపాటు ఉన్నచోటనే ఉండటానికి రెండు రాష్ట్రాలు పడ్డ శ్రమ తక్కువేం కాదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. అదే ఏడాది నవంబర్ 9న ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలుసుకుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేస్తామన్నారు. శాంతియుత పరిష్కారాలన్నిటిలో అత్యంత శాంతియుతమైనది కమిటీయే.

కొటియా విశేషం అక్కడితో ఆగదు. ఒక ప్రభుత్వం పింఛనిస్తే రెండోది రోడ్డు వేస్తుంది. ఒకరి అధికారి వచ్చి వెళ్తే మరునాటికి అవతలివాళ్ల అధికారి దిగుతాడు. ఇటు మన్యంలో ఏ రాష్ట్రంతోనూ పేచీ లేని పల్లెలున్నాయి, అక్కడ నిండు గర్భిణిని నేటికీ డోలీలో మోసుకెళ్లాల్సి వస్తోంది. పొరుగు రాష్ట్రం ఏదీ తమ ఊరు తనదని అనకపోవడమే ఆ ఊళ్ల దురదృష్టం. గిరిజనాభివృద్ధికి ఇంతకన్నా చవకైన పథకాన్ని ఏ శాఖా కనిపెట్టలేదు: ప్రతి కొండపల్లె మీదా ఒక పొరుగు రాష్ట్రం చేత దావా వేయిస్తే చాలు.

ఈ పథకం నిండుగా పండింది కెరమెరిలో. తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలానికీ, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాకూ నడుమ 14 పల్లెలున్నాయి. పరందోళి, ముకదంగూడ, మహరాజ్‌గూడ వగైరా. అక్కడ రేషన్ కార్డులు రెండు, ఓటరు కార్డులు రెండు, సర్పంచులు ఇద్దరు. తెలుగు బడి ఒకటి, మరాఠీ బడి ఒకటి. దేశంలో ఎక్కడైనా రెండుచోట్ల ఓటుండటం నేరం, ఇక్కడ మాత్రం అది స్థానిక ఆచారం. 2019లో ఆదిలాబాద్, చంద్రపూర్ లోక్‌సభ స్థానాలకు ఏప్రిల్ 11నే, ఒక్కరోజే పోలింగ్ పెట్టి ఎన్నికల సంఘం ఈ ఓటర్లను ఇరకాటంలో పడేసింది. 2024లో పొరపాటు దిద్దుకుంది: చంద్రపూర్‌కు ఏప్రిల్ 19, ఆదిలాబాద్‌కు మే 13. మధ్యలో సిరా ఆరడానికి 24 రోజులు. 2025 జూలైలో ఈ 14 పల్లెలనూ పూర్తిగా కలుపుకుంటామని మహారాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కలుపుకోవడమంటే వాళ్లకున్న రెండింటిలో ఒకటి పోవడమే.

ఇన్ని జంటల మధ్య ఒంటరిగా కూడా లేనిది భూమి పట్టా. బియ్యం ఇవ్వడానికి, ఓటు అడగడానికి ఇద్దరూ వస్తారు. దున్నుకుంటున్న భూమికి కాగితమిమ్మంటే, హద్దు తేలలేదు కదా అంటారు. ఓటు పడటానికి అడ్డురాని హద్దు పట్టాకు ఎలా అడ్డొస్తుందో సరిహద్దు శాస్త్రం ఇంకా వివరించలేదు.

హద్దు తేలినా చిక్కులు తీరతాయన్న హామీ లేదు. 2014లో పోలవరం ముంపు మండలాలను పార్లమెంటు చట్టంతో ఆంధ్రప్రదేశ్‌కిచ్చారు. దాంతో భద్రాచలం రాముడు తెలంగాణలో, పురుషోత్తపట్నంలోని ఆయన మాన్యం ఆంధ్రప్రదేశ్‌లో మిగిలారు. ఇక నాగార్జునసాగర్ దగ్గర 2023 నవంబర్‌లో, తెలంగాణ పోలింగ్‌కు ముందురాత్రి, ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆనకట్ట మీదికొచ్చి 26 గేట్లలో 13 మావేనంటూ ముళ్లకంచె వేశారు. చివరికి కేంద్ర బలగాలు కాపలాకొచ్చాయి. నీటికి మాత్రం ఏ గేటు ఎవరిదో తెలియదు.

పైదేశాల వాళ్లు ఇంకోరకంగా చేశారు. హాన్స్ అనే బండరాతి దీవి కోసం కెనడా, డెన్మార్క్ దాదాపు యాభై ఏళ్లు తగువులాడుకున్నాయి. ఒకరు జెండా పాతి విస్కీ సీసా పెట్టి వెళ్తే, మరొకరు ఆ జెండా పీకి తమ జెండాతోపాటు తమ సారా పెట్టేవారు. 2022 జూన్‌లో దీవిని రెండుగా పంచుకున్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పద్ధతి నడవదు, పొరుగు రాష్ట్రం సీసాతో దొరికితే ఎక్సైజ్ వాళ్లు కేసు పెడతారు.

పనికొచ్చే ఉదాహరణ బంగ్లాదేశ్‌ది. అక్కడి భూభాగంలో భారతదేశపు తునకలు 111, కూచ్ బెహార్ వైపు బంగ్లాదేశ్ తునకలు 51 ఉండేవి. 1974లో ఒప్పందం కుదిరినా, రాజ్యాంగానికి 100వ సవరణ చేసి 2015 జూలై 31 అర్ధరాత్రి మార్చుకునేసరికి 41 ఏళ్లు పట్టింది. ఆలస్యమైనా ఒక మంచి పని చేశారు, ఊరూరా తిరిగి మీరు ఏ దేశంలో ఉంటారు అని అడిగారు. ఇచ్చిన జవాబును రాసుకున్నారు కూడా.

పరాయి దేశానికి భూమి ఇవ్వాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి. రెండు రాష్ట్రాల మధ్య గీత జరపాలంటే 3వ అధికరణం కింద పార్లమెంటులో మామూలు మెజారిటీతో ఒక చట్టం చాలు. కష్టమైన పని కూచ్ బెహార్‌లో ముగిసింది, తేలికైనది కొటియాలో, కెరమెరిలో పెండింగ్‌లో ఉంది. రెండు రాష్ట్రాల సర్వేయర్లూ ఒకేరోజు మోకా మీదికి రావాలి. నోటీసు ఊరివాళ్లకు ముందుగా అందాలి, పంచనామా మీద సంతకాలు వాళ్లవే ఉండాలి. గీత ఎటు పడినా, ఊరు దక్కించుకున్న ప్రభుత్వం బోర్డు పాతడానికి ముందే పట్టాలు పంచాలి.