వేడికి కాపలా

నన్ను పుట్టించింది చల్లటి నీళ్ల కోసం. నారింజ రంగు ప్లాస్టిక్ ఒళ్లు, లోపలొక తొట్టి, రెంటికీ మధ్య దట్టంగా ఫోమ్, పైన మరబిగించే మూత. పది గ్యాలన్లు, అంటే 38 లీటర్లకు కాస్త తక్కువ, పడతాయి. నా తోబుట్టువులు అమెరికా అంతటా ఫుట్‌బాల్ మైదానాల పక్కన, రోడ్డు పనుల దగ్గర ఐసునీళ్లు మోస్తూ బతుకుతున్నారు. ఆట గెలిచిన రోజున కుర్రాళ్లు వాళ్లను ఎత్తి కోచ్ నెత్తిన బోర్లిస్తారు కూడాను. అంతటి వైభోగం నాకు రాసిపెట్టి లేదు. పోర్ట్‌లాండ్‌లో ఉండే ఒక తెలుగతను నన్ను కొని తెచ్చి, ఆ సాయంత్రమే నా ముక్కు కోసేశాడు.

ముక్కంటే ముందుండే ప్లాస్టిక్ కుళాయి. దాని చోట స్టీలు బాల్ వాల్వు బిగించాడు, అడుగున చిల్లుల పళ్లెం పరిచాడు. వాల్వూ వాషర్లూ ఆ ఊళ్లో 1918లో పెట్టిన స్టైన్‌బార్ట్ కొట్లో కొన్నవి. అప్పటి నుంచి నా ఉద్యోగం వేడిని పట్టి ఉంచడం. చలిని లోపల దాచిన ఫోమ్‌కి వేడిని దాచడం కొత్త విద్యేం కాదు.

ఇంట్లోనే బీరు కాచుకునే మావాడికి బీరంటే నల్లబీరే. అందులోనూ ఓట్స్ వేసిన స్టౌట్. ముందుగా ఓట్స్‌ని ఓవెన్‌లో పల్చగా పరిచి, అంచులు ఎర్రబడి ఇల్లంతా బేకరీ వాసన కమ్మేదాకా దోరగా వేయిస్తాడు. అటుకుల్లా నొక్కిన ఓట్సే కావాలి. అవి ఆవిరి తగిలి, రోలర్ల కింద నలిగినవి కాబట్టి వాటి పిండి వేణ్ణీళ్లకు ఇట్టే లొంగుతుంది. ముడి గింజలైతే విడిగా ఉడికించి తేవాల్సిందే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నాలుగున్నర కిలోలు, ఓట్స్ ముప్పావు కిలో, నల్లగా మాడ్చిన బార్లీ పావు కిలో, చాక్లెట్ మాల్ట్ మరో పావు కిలో. చాక్లెట్ పేరులోనే, గింజ బార్లీయే.

నన్ను ముందు వేణ్ణీళ్లతో తొలిపి, 76 డిగ్రీల నీళ్లు 16 లీటర్లు పోసి, మరపట్టిన గింజలన్నీ కలియబెడతాడు. వేడి 68కి దిగుతుంది. బుల్ రన్ నది నుంచి వచ్చే పోర్ట్‌లాండ్ నీళ్లు ఖనిజాలు దాదాపు లేని తేలిక నీళ్లు. మాడిన గింజల పులుపును అవి కాచుకోలేవు. అందుకని ఇంత వంటసోడా. తర్వాత మూత బిగించి, తను కాఫీకి పోతాడు.

ఇక గంటసేపు భారమంతా నా మీదే. మొలకెత్తేటప్పుడు సిద్ధమైన ఎంజైములు పిండిని తెగ్గొట్టి చక్కెర చేస్తాయి. 65 డిగ్రీల లోపు చురుగ్గా ఉండేదొకటి. అది చేసే చక్కెరను ఈస్టు ఊడ్చి తినేస్తుంది, బీరు పల్చనవుతుంది. 70 దాపున మరొకటి రాజ్యం చేస్తుంది. అది వదిలే పెద్ద ముక్కలు ఈస్టుకు కొరుకుడు పడక, బీరులో మిగిలి నోటికి చిక్కగా తగులుతాయి. మావాడి 68 చిక్కదనం వైపు మొగ్గు. గంటలో నేను జారవిడిచేది మహా అయితే ఒక డిగ్రీ. కదలకుండా కూర్చోవడమూ ఒక పనేనా అని ఎవరైనా అంటే, స్టవ్వు మీద మూతలేని గిన్నెతో ఈ గంట నెట్టుకురమ్మనండి.

గంటయ్యాక తెల్ల సాసర్‌లో చెంచాడు రసం వేసి, పైన ఒక అయోడిన్ చుక్క. పిండి మిగిలితే నీలం తిరగాలి. నల్ల రసంలో నీలం ఏం కనబడుతుంది, నా మొహం! కళ్లు చికిలించి చూసి, చివరికి అయోడిన్ తగలని మరో చెంచా నాలిక మీద వేసుకుని, తియ్యగానే ఉందంటాడు.

వాల్వు తిప్పడం దగ్గరే చిక్కంతా, అదీ ఓట్స్ వల్ల. ఓట్స్ బలమని చెప్పి ఒకప్పుడు ఇంగ్లండులో ఈ బీరును నీరసంగా ఉన్నవాళ్లకు, బాలింతలకు పనికొస్తుందని అమ్మారు. అయితే లండన్ బార్‌క్లే పెర్కిన్స్ కంపెనీ స్టౌట్‌లో ఓట్స్ ఒక శాతం కూడా ఉండేవి కావు. పేరు గొప్పే. ఆనక ఆ రకమే మూలపడింది. 1980లో ఛార్లెస్ ఫింకెల్ అనే అమెరికా దిగుమతిదారు అడగబట్టి, యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్‌లో శామ్యూల్ స్మిత్ వాళ్లు మళ్లీ కాచారు. మావాడు ఓట్స్ దగ్గర పిసినారి కాదు, నూటికి పదమూడు పాళ్లు వేస్తాడు. వాటిలోని బీటా గ్లూకాన్ జిగురుకి నా గొంతు పూడుకుపోతుంది. మొదట జోరుగా, తర్వాత సన్నటి దార, తర్వాత చుక్క లేదు. బార్లీ పొట్టే వడపోత గుడ్డ అనుకుంటే, ఓట్స్ రేకులకు ఆ పొట్టు ఉండదు. విరుగుడు వరి ఊక.

ఆ ఊక సంచీ చూసి మావాడి మావయ్యగారికి మతిపోయింది. తణుకు దగ్గర రైసుమిల్లులో గుమాస్తాగా చేసి, కూతుర్ని చూడ్డానికి వచ్చారాయన.

"ఇదేంటి బాబూ, ఊకా? కొన్నావా?"

"కొన్నానండి మావయ్యగారూ. ఆ గింజల్లో కలపాలండి."

"బీరులో ఊకేంటయ్యా! మా మిల్లు వెనక గుట్టలు పడుండేది. బాయిలర్లో వేయడానికి తప్ప దేనికీ పనికిరాదనుకునేవాళ్లం. డాలర్లు పోసి కొంటారా?"

"రుచీ వాసనా ఏమీ ఉండదండి. గింజల మధ్య సందులు చేసి, దార ఆగకుండా చూస్తుందంతే."

ఊక కడిగి కలిపి, మొదటి రెండు చెంబుల మడ్డి రసాన్ని మళ్లీ నా మీదే నెమ్మదిగా పోశాడు. గింజల పొర సర్దుకుంది. దార తేటపడింది. ఆయన దగ్గరగా వంగి చూశారు గానీ, భయం పోలేదు.

"మన దగ్గరైతే ఎక్సైజువాళ్లు నిన్నూ దీన్నీ కలిపి మోసుకుపోదురు. ఇక్కడ కేసు లేదా?"

లేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం మరుసటి ఏడు ఫిబ్రవరి నుంచి అమలైంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదు. అలబామా, మిసిసిప్పి మాత్రం 2013 దాకా ససేమిరా అన్నాయి. 200 గ్యాలన్లంటే 757 లీటర్లని మావాడు లెక్క చెప్పగానే మావయ్యగారు కూతురి వంక చూశారు. ఆమె అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయింది.

ఆపై కథ నాది కాదు. రసం గిన్నెలో గంట మరుగుతుంది, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ హాప్స్ చేదునిస్తాయి, రాగి గొట్టం చుట్టలో చన్నీళ్లు పారించి చల్లార్చి, ఈస్టు కలుపుతారు. రెండు వారాలు పులియడం, సీసాల్లో మరో రెండు వారాలు. తాగినవాళ్లంతా ఈస్టును మెచ్చుకుంటారు. నేను కాపుకాసిన చక్కెరే లేకపోతే అది తినేదేంటట?

నాకు మిగిలేది పిప్పి. ఒక పెద్ద బక్కెట్టు నిండుతుంది. దాన్ని చెత్తలో వేయబోతుంటే మావయ్యగారు చెయ్యి పట్టుకున్నారు. "ఇంత దాణా పారేస్తావా? గేదె ఉంటే పూట పాలు పెరిగేవి!" గేదె దొరకలేదు గానీ పక్కింటి పెరట్లో కోళ్లున్నాయి. ఇంగ్లీషు సరిగా రాకపోయినా సైగలతోనే బేరం కుదిర్చి, బక్కెట్టు పిప్పి ఇచ్చి నాలుగు గుడ్లతో తిరిగొచ్చారు. తర్వాత గొట్టం పట్టుకుని నన్ను ఆయనే కడిగారు, వాల్వు విప్పి దాని లోపలి జిగురుతో సహా. శుభ్రంగానే కడిగారు. కాకపోతే తడారకుండానే మూత బిగించేశారు. మర్నాడు మావాడు తెరిచి ముక్కు మూసుకుని, మళ్లీ వేణ్ణీళ్లు కాచాడు.