పూర్వవైభవానికి భూతకాలం లేదు

మళ్ళీ తెస్తారట. కొల్లేరుకు పూర్వవైభవం. పనిలో పనిగా పెదవేగికీ, ఏలూరు తివాచీకీ కూడా. వరదొచ్చినా, కరువొచ్చినా, ఎన్నికలొచ్చినా మన పేపర్లలో తప్పకుండా దిగే మాట ఇది. పాత పత్రికల కట్టలు విప్పి కొల్లేరు పక్కన ఏ మాట కూర్చుందో చూడండి. చేపా కాదు, గూడబాతూ కాదు, ఇదే. ('కలకలం', 'హల్‌చల్' సంగతి వేరు. వాటివల్ల ఎవరి చెరువు గట్టూ తెగలేదు.)

ఈ మాటకు అంటుకునే క్రియలు గమనించండి. తెస్తాం, తీసుకొస్తాం, తెచ్చే దిశగా అడుగులు వేస్తున్నాం. పత్రిక కాస్త ధైర్యం చేస్తే 'వచ్చేనా?' అని ప్రశ్నార్థకం పెడుతుంది. 'వచ్చింది' అని మాత్రం రాయదు. రాస్తే ఎవరో ఒకరు ఆకివీడు దాకా బస్సెక్కి వెళ్ళి చూసొస్తారు. 'తెస్తాం' అన్నదాన్ని చూడ్డానికి ఏ బస్సూ లేదు. పేరులో పూర్వం, క్రియలో భవిష్యత్తు. నడుమ ఉండాల్సిన ఇవాళ ఎక్కడికి పోయిందో ఏ వ్యాకరణమూ చెప్పదు.

వీటన్నిటికీ తలమానికం 'సంతరించుకోనుంది'. ఇందులో తెచ్చేవాడు కూడా మాయమయ్యాడు. మంత్రీ లేడు, శాఖా లేదు, నిధులూ లేవు. గుర్రపుడెక్క గొంతుదాకా కమ్మిన సరస్సు తనంతట తానే లేచి, ముఖం కడుక్కుని, నగలు పెట్టుకుని పెళ్ళిపీటల మీద కూర్చోబోతోందన్నమాట. కొల్లేటి నీటిని సముద్రానికి మోసే ఉప్పుటేరులో పూడిక కూడా సిగ్గుపడి తనే తప్పుకుంటుంది కాబోలు. మళ్ళీ ఏడాది అదే పీట, అదే పెళ్ళికూతురు, అదే 'నుంది'.

ఇంతకీ ఏ పూర్వం? పెదవేగిలో శాలంకాయనుల నాటిదా? వాళ్ళ హస్తివర్మ పేరు మనకు సముద్రగుప్తుడి అలహాబాదు శాసనంలో, ఓడినవాళ్ళ వరుసలో కనిపిస్తుంది. చాళుక్యులదంటారా? ఆ వైభవం రాజమహేంద్రవరానికి ఎప్పుడో మకాం మార్చింది. ఇవాళ్టి పెదవేగికి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది, పామాయిల్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడి రైతు అడిగేది గెలల ధర.

కొల్లేరు దగ్గరికొస్తే నవ్వు రాదు. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. 1999లో ప్రభుత్వమే ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమంది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కినప్పుడు లెక్క 90,100 హెక్టార్లు. 2006లో ఆ చెరువుల గట్లు పేల్చారు. 2008లో మూడో కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానించింది. ఒకదాన్నొకటి కొట్టేసే ఈ పనుల్లో దేనికైనా ఈ మాట అతుకుతుంది. గట్టు తెంచితే సరస్సుకు పూర్వవైభవం, గట్టు కడితే చేపల సాగుకు పూర్వవైభవం. జిరాయితీ భూమికి పరిహారం అడుగుతున్న మనిషి, డీ-ఫారం పట్టా చేతిలో పట్టుకున్న మనిషి, వలసపక్షి, ముగ్గురూ ఆ ఒక్క మాట కింద నలిగిపోయారు. దీన్ని విలేకరి బద్ధకమని సరిపెట్టలేం. లెక్క చెప్పాల్సినవాళ్ళకు దశాబ్దాలుగా పట్టిన గొడుగు ఇది. సిగ్గులేని పని.

శీర్షికలో చోటుండదు, క్లుప్తంగా రాయాలి కదా అంటారు. 'ఐదో కాంటూరు' ఆ చోటులో హాయిగా పడుతుంది. ఆశ చంపకూడదంటారు. ఆశపడేవాడికైనా దేనికోసమో తెలియాలి కదా. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేరు మీదికొచ్చినప్పుడు, లంక గ్రామాలవాళ్ళకు కావలసింది నీరు ఎన్ని అడుగులుంది, ఉప్పుటేరు ఎంత లాగుతోంది అన్న కబురు. వైభవం మోకాళ్ళ పైకి వచ్చిందో కిందికి దిగిందో ఎవరికి కావాలి?

ఈసారి ప్రకటన చేసినవారిని విలేకరి 'ఏ సంవత్సరం నాటిదండీ?' అని ఒక్క మాట అడగాలి. 1965 నాటిదంటే ఏయే చెరువులు పోవాలో చెప్పాలి, 1995 నాటిదంటే అభయారణ్యం సంగతేమిటో చెప్పాలి. రెండూ చెప్పలేకపోతే ఆ వార్త ఆగిపోతుంది. పేపర్లో ఖాళీ అయిన ఆ నాలుగు లైన్లలో ఆ రోజు కొల్లేరు నీటిమట్టం వేసుకోవచ్చు.