ఈశాన్యంలో అపార్టుమెంటు

2022 ఏప్రిల్ 4న భీమవరం జిల్లా కేంద్రమైంది. అంతకుముందు కలెక్టరుకి అర్జీ పెట్టాలంటే ఏలూరు దాకా పోవాలి. ఇప్పుడు సోమవారం పొద్దున్నే పెసరట్టు తిని, స్కూటరెక్కి, కాగితం ఇచ్చేసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. ఆ కాగితాలు పుచ్చుకునే కార్యక్రమాన్ని ఒకప్పుడు గ్రీవెన్స్ అన్నారు, తర్వాత మీకోసం, ఆ తర్వాత స్పందన, ఇప్పుడు పీజీఆర్ఎస్. ప్రభుత్వంతో పాటు పేరు మారింది గానీ సోమవారం మారలేదు. ఇంత సదుపాయం గుమ్మంలోకి వచ్చాక ఫిర్యాదు లేని మనిషికి ఊళ్లో విలువేముంటుంది?

మా సందు చివరి మేడ బాబాయిగారికి ఈమధ్య ఆ విలువ దక్కింది. వారి ఇంటిపక్క ఖాళీ స్థలంలో అయిదంతస్తుల అపార్టుమెంటు వస్తోందని బోర్డు పాతారు. పత్రికల్లో రాసేవాణ్ని కాబట్టి అర్జీ నేనే రాయాలన్నారు. కాగితం తీసి, మొదట ఏం రాయమంటారని అడిగాను.

“ఈశాన్యం రాయండి మాస్టారూ. అంత బరువు మా ఈశాన్యంలో పెడితే ఇంటి పెద్దకి గండం కదండీ.”

ఇంటి పెద్ద ఆయనే. రాశాను. రాస్తూ రాస్తూ, వారి మేడకి నైరుతి మూల ఓ పెంకుటిల్లు ఉంది కదా, ఆ ఇంటికి ఈశాన్యంలో ఉన్నది తమరి మేడే కదా అన్నాను.

“పెంకుటింటికి వాస్తేంటండీ!” అన్నారు.

తర్వాత గాలీ వెలుతురూ. 2017 భవన నిబంధనల్ని బాబాయిగారు కంఠతా పట్టేశారు. రోడ్డు ఎంత వెడల్పుంటే ఎంత ఎత్తు లేపాలి, ఎంత ఎత్తుకి చుట్టూ ఎంత జాగా వదలాలి, గడగడా చెబుతున్నారు. ఆయన ప్రహరీకీ గోడకీ మధ్య పిల్లి కూడా పక్కకి తిరిగి నడవాలి. బాల్కనీ అయితే సందు మీదకే వచ్చింది. అయినా అది నేరం కాదు. అనుమతి లేకుండానో, అనుమతికి మించో కట్టుకున్నవాళ్లని ప్రభుత్వం 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో మరోసారి డబ్బు కట్టించుకుని మన్నించింది. బీపీఎస్ అంటారు దాన్ని. బాబాయిగారు రెండో విడతలో పునీతులయ్యారు. అందుకే మరొకరు నిబంధన తప్పితే ఆయనకి అంత బాధ. ఆయన తప్పుకి రసీదు ఉంది మరి.

పచ్చని చేలు నాశనమవుతున్నాయని ఓ పేజీ రాయించారు. చెబుతూంటే నాకూ కళ్లు చెమర్చాయి. ఆ మేడ కింద ఏముండేదో సందులో ముసలివాళ్లకి తెలుసు. మొదట వరి. వరికంటే రొయ్య లాభమని తవ్విన చెరువు తర్వాత. తొంభైల్లో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలాక ఆ చెరువు పూడ్చి వేసిన ప్లాట్లు ఆ తర్వాత. పచ్చదనం మీద ఆయన ప్రేమ గృహప్రవేశం నాటినుంచి మొదలైంది, అంతకుముందు దానికి తీరిక లేదు.

“అన్నింటికంటే ముఖ్యం, ఎవరెవరో దిగుతారండీ” అన్నారు, గొంతు తగ్గించి.

“ఎవరెవరంటే?”

“అంటే... మనవాళ్లయితే ఫర్వాలేదనుకోండి.”

ఆయన పైవాటాలో ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు తొమ్మిదిమంది ఉంటారు. ఏ ఊరివాళ్లో, ఏ ఇంటివాళ్లో ఆయనకి తెలీదు. అది గుర్తుచేస్తే, “వాళ్లు ఎవరెవరో ఎందుకవుతారండీ, ఒకటో తారీకుకల్లా అద్దె పంపేస్తారు” అన్నారు.

బాబాయిగారిని ఒక్కర్నీ అనుకుని లాభం లేదు. ఈ మాటే పెద్ద కోటు వేసుకుని అమరావతిలో తిరిగింది. రాజధానిలో పేదలకి స్థలాలిస్తే జనాభా సమతౌల్యం దెబ్బతింటుందని కోర్టులో వాదించారని అప్పటి ప్రభుత్వం ఊరూరా చెప్పింది. మాస్టర్ ప్లాన్ చూసి భూములిచ్చాం, దాన్ని మీరెలా మారుస్తారని రైతులు అడిగారు. రైతుల ప్రశ్నలో బలముంది, కాదనను. 2023 మే 26న, పేదల ఇళ్లకని ప్లానులో చేర్చిన ఆర్-5 జోన్‌లో 50 వేల మందికి పైగా సెంటు చొప్పున పట్టాలిచ్చారు. ఆగస్టు 3న ఇళ్ల నిర్మాణం మీద హైకోర్టు స్టే ఇచ్చింది. ఇంత యుద్ధమూ దేనికోసమో ఒకసారి కొలిచి చూడాలి. సెంటంటే 48 గజాల పైచిలుకు. బాబాయిగారి కారు షెడ్డు ఇంచుమించు అంతే ఉంటుంది. పేదలకి ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇళ్లలో చిన్నవి 300 చదరపు అడుగులు, అంటే షెడ్డుకంటే చిన్నవి. అంత చోటులో సంసారం చేసేవాళ్లు పక్కన దిగితే మేడకి ఏదో అయిపోతుందని మేడ భయం.

అభ్యంతరాలకి కూడా అంతస్తులుంటాయి. 2016లో మన పక్కనే తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని చుట్టుపక్కల పల్లెలవాళ్లు అడ్డం తిరిగారు. దాని వ్యర్థాలు గొంతేరు డ్రెయినులో కలిస్తే నీళ్లూ పోతాయి, చేపలూ పోతాయని వాళ్ల గోల. వాళ్లకి 144 సెక్షను, పోలీసులు, కేసులు. వ్యర్థాలకి సముద్రం దాకా పైపులైను వేస్తామనే మాట ప్రభుత్వం నోట రావడానికి వాళ్లు అంత పడాల్సొచ్చింది. బాబాయిగారు వాకబుకి వెళ్లిన ఆఫీసులో మాత్రం కుర్చీ వేసి, టీ తెప్పించారట. గాలి, నీరు అన్నవాడికి లాఠీ, ఈశాన్యం అన్నవాడికి టీ.

నీళ్లనగానే నాకు అసలు సంగతి తట్టింది.

“బాబాయిగారూ, గట్టి పాయింటొకటి వదిలేస్తున్నాం. అన్ని ఫ్లాట్ల వాడకం నీళ్లు ఎటు పోతాయి? మనది చేత్తో చదును చేసినట్టుండే నేల. గంట వాన పడితే సందులో మోకాలి లోతు. వెనకాల మురుగు బోదె ఉండేది, యనమదుర్రు డ్రెయినులోకి పోయేది. అది పూడిపోయిందని, తవ్వించాకే అనుమతి ఇవ్వాలని రాద్దాం. దీన్ని ఏ ఇంజినీరూ కాదనలేడు.”

బాబాయిగారు కాసేపు ఫ్యాను వంక చూశారు.

“బోదె ఊసెందుకండీ ఇప్పుడు.”

“అదేంటండీ, ఉన్న నిజం అదొక్కటేగా?”

“సర్వేయరొస్తాడండీ. గొలుసు పట్టుకుని వచ్చినవాడు వాళ్ల వైపే కొలిచి ఊరుకుంటాడా?”

అప్పుడు లేచి కిటికీలోంచి చూశాను. షెడ్డు, అందులో కారు, షెడ్డు వెనక ప్రహరీ. బోదె ఉండాల్సిన చోట అవే ఉన్నాయి.

అర్జీ నాలుగు పేజీలైంది. ఈశాన్యానికే ఒకటిన్నర పట్టింది. పోయిన సోమవారం ఇచ్చేసి వచ్చారు. బిల్డరు కూడా తక్కువవాడేం కాదు, వాస్తు పండితుడి చేత సర్టిఫికెట్ రాయించి జవాబుకి జత చేశాడు. బిల్డరు ప్లాను నేను చూశాను. బోదె సాగాల్సిన జాగాలో ‘విజిటర్స్ పార్కింగ్’ అని ఉంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఇన్ని పేజీలు రాసుకున్నారు, ఏ పేజీలోనూ బోదె లేదు.