మా బావగారూ, పాలపళ్ళూ

మా బావగారంత జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే పాల ప్యాకెట్లని సర్ఫు నీళ్ళలో ముంచడం, పేపరుని ఎండలో ఆరేసి సాయంత్రం చదవడం మా హైదరాబాదు వీధిలో మొదలెట్టింది ఆయనే. ఇంటిల్లిపాదికీ రోజూ మిరియాల కషాయం. పిల్లాడు తాగనని మొరాయిస్తే అందులో గుప్పెడు పటికబెల్లం. పడుకునే ముందు, పళ్ళు తోముకున్నాక, నారింజ రుచి సి విటమిన్ బిళ్ళ చప్పరించాలి. ‘ఇమ్యూనిటీ ఓయ్!’ అనేవారు, బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తున్నంత ధీమాగా.

ఆ ఎఫ్‌డీ మీద వడ్డీగా ఏడేళ్ళ మా మేనల్లుడికి దవడ పన్ను పుచ్చింది.

‘పాలపన్నేగా, ఎలాగూ ఊడేదే’ అని తీర్పిచ్చారు బావగారు. ఆరో ఏడు ప్రాంతంలో పాలపళ్ళన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, చడీచప్పుడు లేకుండా ఒక దవడ పన్ను మొలుస్తుంది. అది అసలు పన్ను. పోతే మళ్ళీ రాదు. వీడికి పుచ్చింది అదే. ఈ ముక్క చెబితే ‘నువ్వెప్పుడు డాక్టరువయ్యావోయ్?’ అన్నారు. పోనీ డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి బావా అంటే, ‘డ్రిల్లు తిప్పితే తుంపరలు గదంతా లేస్తాయి, తెలుసా?’

అబద్ధమేం కాదు. అత్యవసరమైతేనే పళ్ళ వైద్యం చెయ్యాలని కేంద్ర ఆరోగ్యశాఖే అంది. చెంప పట్టుకుని అర్ధరాత్రి లేచి ఏడ్చేవాడిది అత్యవసరం కాదని మాత్రం అనలేదు. మే 6న తెలంగాణలో వైన్ షాపులు తెరిచినప్పుడు, ముందువాడి వీపుకి ఆనుకుని క్యూలో నిలబడ్డ బావగారికి తుంపరలు గుర్తురాలేదు.

ఎన్ననుకున్నా, పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, లవంగం నలిపి పన్ను సందులో పెట్టి, తెల్లారేదాకా వీపు నిమిరింది కూడా ఆయనే. అక్క మాత్రం కరగలేదు. ‘మీ బావకి కరోనా ఒక సాకురా. పెళ్ళి ఫొటోల్లో చూడు, ఒక్కదాంట్లోనూ పళ్ళు కనపడవు. ఆ కుర్చీ అంటేనే హడలు’ అంది.

చివరికి పిల్లాడి పన్నుకి సిమెంటు నింపి నిలబెట్టారనుకోండి. అంతకుముందు అక్క బలవంతం మీద ఓ వీడియో కాల్ జరిగింది. ‘నాన్నా, పెద్దగా ఆ అను’ అంది డాక్టరమ్మ. వాడితోపాటు వెనక టార్చి పట్టుకున్న బావగారూ ‘ఆ’ అన్నారు.

డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. ‘బాబుది సరే. వెనకాల ఆయన కాస్త ముందుకి రండి.’

నెట్ పోయిందట.